గేటు మూసేలోగా

కర్ఫ్యూ ఎత్తేసిన సైరను మోగగానే, రబ్బరు చెట్లు గీయడానికి పోయే ఆడవాళ్లు బకెట్లు పట్టుకుని తోట ఇళ్ల చుట్టూ ఉన్న ముళ్లకంచె గేటు దగ్గర వరస కట్టారు. వాళ్ల వెనకాల పుస్తకాల సంచి భుజాన వేసుకుని కమలాక్షి నిలబడింది. తోట ఆఫీసు గుమాస్తా గోపాలసామి కూతురు ఆమె. గేటు దాటి రోడ్డెక్కితే తెలుక్ ఆన్సన్ పట్నం పోయే బస్సు దొరుకుతుంది. బడిలో ఆ ఉదయం కెమిస్ట్రీ ప్రాక్టికల్‌కు ఆఖరి సాధన. వచ్చే వారమే పరీక్ష.

మొన్న ఆగస్టులో మలయాకు మెర్డెకా, అంటే స్వతంత్రం, వచ్చింది. గేటు పక్క కొయ్యకు కొత్త జెండా కట్టారు. జెండా కింద సోదా మాత్రం పాతదే. తోటలో ఎవరికీ బియ్యం ఇవ్వరు. పెద్ద వంటశాలలో వండిన అన్నం పెడతారు, అంతే. ఒక్క గింజ కూడా గేటు దాటి అడవిలోని కమ్యూనిస్టులకు చేరకూడదు. ఆడవాళ్లను మగ పోలీసులు తాకకూడదు గనుక ఆ పనికి శివగామిని పెట్టారు. ఆమె బకెట్టు అడుగు తట్టి చూస్తుంది, కొప్పు విప్పి చూస్తుంది, రవిక చేతుల్లో వేలు పెట్టి చూస్తుంది. కుళాయి దగ్గరికి ఆమె వస్తే మిగతా ఆడవాళ్లు బిందెలు పక్కకు జరుపుకుంటారు. ఎవరూ పలకరించరు.

చిన్నమ్మ అనే కూలీ వంతు వచ్చింది. కుడి దవడ కింద నిమ్మకాయ దాచుకున్నట్టు ఉబ్బి ఉంది. శివగామి చెయ్యి ఆ చెంప దగ్గర ఆగి, తాకకుండానే కిందికి దిగింది. కుర్చీలో కూర్చున్న సార్జెంటు అది చూశాడు. ముందువారం ఎవరిదో బకెట్టు దొంగ అడుగులో బియ్యం దొరికి, పై అధికారి చేత చీవాట్లు తిన్నవాడు. లేచి వచ్చాడు.

"బుకా ములుట్," అన్నాడు తన నోరు తెరిచి చూపిస్తూ.

చిన్నమ్మ ప్రయత్నించింది. పళ్ల మధ్య వేలు కూడా దూరనంత సందే తెరుచుకుంది. "రావట్నేదు బాబూ," అంది బిగిసిన పళ్ల సందులోంచి. "నొప్పి."

ఆ మాట అతనికి అర్థం కాలేదు. చేతిలోని బెత్తం కొసతో ఉబ్బిన చెంపను నొక్కాడు. చిన్నమ్మ అరవనైనా అరవలేదు. గొంతులోంచి ఏదో గురగుర వచ్చింది, చేతిలోంచి బకెట్టు జారింది. అది దొర్లుకుంటూ పోయి కంచెకు తగిలింది. అతను మళ్లీ బెత్తం ఎత్తాడు.

ఆ బెత్తం మధ్యలోనే ఆగిపోయింది. ఎప్పుడు ముందుకొచ్చిందో కమలాక్షికే తెలియదు. బెత్తం ఆమె పిడికిట్లో ఉంది.

"లోపల చీముంది," అంది మలాయిలో. "బియ్యం కాదు. పన్ను పుచ్చి దవడ బిగుసుకుపోయింది. పగిలి గొంతులోకి దిగితే ఊపిరాడదు."

"నువ్వు డాక్టరువా?"

"ఇంకా కాలేదు."

వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సార్జెంటు ముఖం నల్లబడింది. ఇద్దరినీ పక్కకు తీసి కంచె వార నిలబెట్టాడు. కాసేపటికి రోడ్డు మీద బస్సు వచ్చి, ఆగి, వెళ్లిపోయింది. కమలాక్షి దాని వైపు చూడలేదు. చిన్నమ్మ తలను తన భుజానికి ఆనించుకుని అలాగే నిలబడింది.

గోపాలసామి పరుగున వచ్చాడు. తోట నడిపే దొర దగ్గరికి వెళ్లి, బతిమాలి, చిన్నమ్మను పట్నం ఆసుపత్రికి పంపడానికి అనుమతి తెచ్చేసరికి ఎండ ఎక్కింది. కూతురితో ఒక్క మాటే అన్నాడు. "పోలీసోడి కర్ర అట్టుకుంటావేటే? మనం ఈ తోటలో బతకాలా వొద్దా?"

"ఆడు పొడిసినప్పుడు నువ్వు నేవు నాన్నా," అంది కమలాక్షి. తరువాతి బస్సెక్కించి చిన్నమ్మను తనే తీసుకెళ్లింది.

ప్రభుత్వ దంత వైద్యశాలలో డాక్టర్ లిమ్‌కు తెలుగు రాదు. చిన్నమ్మకు తెలుగూ కాస్త అరవమూ తప్ప ఏదీ రాదు. కమలాక్షి ఇద్దరి మధ్యా నిలబడింది.

"ఎప్పటినుంచి నొప్పి?"

"అత్తా, ఎప్పటినుంచి నొప్పి నీకు?"

"దీపావళి ముందునుంచి. తోటలో మందులిచ్చే డ్రెస్సరు లవంగ నూనె ఇచ్చినాడు. పనికి రాకపోతే కూలీలను తోలే కంగాణీ అరుస్తాడు గదమ్మా."

డాక్టరు దవడ అంచు వెంట వేళ్లతో మెల్లగా తడిమాడు. మెత్తగా తగిలిన చోట ఆగాడు. సూది మందు ఇచ్చి, చిన్నమ్మ తల పట్టుకోమని కమలాక్షితో అన్నాడు. చిన్నమ్మ కళ్లు పైకి తిప్పి కమలాక్షి ముఖం తప్ప ఇంకేదీ చూడనని పట్టుబట్టింది. కత్తి మొన తగిలీ తగలగానే చీము బుసబుసమని పళ్లెంలోకి దిగింది. గదంతా వాసన కొట్టింది. పక్కనున్న నర్సు ముఖం తిప్పుకుంది. కమలాక్షి మాత్రం డాక్టరు చేతినే చూస్తోంది. కత్తి ఎక్కడ పెట్టాడు, ఎంత లోతు దించాడు, చిటికెన వేలు గడ్డం మీద ఎందుకు ఆనించాడు, అన్నీ చూసింది.

"పన్ను ఇవాళ తియ్యను. నోరు తెరుచుకున్నాక రమ్మను," అన్నాడు చేతులు కడుక్కుంటూ. కమలాక్షి చదువు గురించి అడిగాడు. చెప్పింది. నిరుడు బయాలజీలో మంచి మార్కులే వచ్చాయి. ఫిజిక్సు పర్వాలేదు. కెమిస్ట్రీ ముంచింది. సింగపూరులో దంతవైద్యం చదవాలంటే ఆ మార్కులు చాలవు. అందుకే ఇంకో ఏడాది కూర్చుని మళ్లీ రాస్తోంది.

"ఎందుకంత కష్టం? పినాంగులో దంత నర్సుల బడి ఉంది. ఈ మార్కులతో రేపే తీసుకుంటారు. నేను సిఫారసు చేస్తాను." మంచి మనసుతోనే అన్నాడు.

"ఆ నర్సులు ఎవరికి వైద్యం చేస్తారు సర్?"

"బడిపిల్లలకు."

"మరి ఈమె బడిపిల్ల కాదు కదా."

డాక్టరు తువాలుతో చేతులు తుడుచుకుంటూ ఆగిపోయాడు. తరవాత కుర్చీలో కూలబడి ఉన్న చిన్నమ్మను చూశాడు.

చిన్నమ్మను ఆసుపత్రి వసారాలో పడుకోబెట్టి కమలాక్షి బడికి పరుగెత్తింది. సాధన అయిపోవచ్చింది. ఆమె బల్ల దగ్గర ఎవరో అబ్బాయి బ్యూరెట్ కడుగుతున్నాడు. వీరసామి మాస్టారు సైన్సు విభాగానికి పెద్ద. గాజు సామాను లెక్క చూసుకుంటున్నాడు.

"ఇప్పుడా రావడం?" అన్నాడు ఇంగ్లీషులో. "నీ బల్ల అతనికిచ్చాను. నిరుడు మన బడి ఫలితాలు చెడగొట్టింది నువ్వే. ఇప్పుడు ఆఖరి సాధనకు కూడా రాలేదు."

జరిగింది చెప్పింది. ఆయన వినలేదని కాదు. విన్నాడు. "అందరికీ ఏదో ఒక కారణం ఉంటుంది. బల్లలు మాత్రం ఇన్నే ఉన్నాయి. పైకి వెళ్లే వాళ్లకే ఇవ్వాలి. పరీక్ష నుంచి పేరు వెనక్కి తీసుకో. పినాంగుకు రాసుకో. ఆడపిల్లకు అది మర్యాదైన ఉద్యోగం."

"పేరు తియ్యను సర్."

"అయితే పరీక్ష రోజున రా. ఈలోగా ల్యాబులో అడుగు పెట్టడానికి మాత్రం లేదు."

ఆయన తాళం వేసుకుని వెళ్లిపోయాడు. కమలాక్షి ఆ తలుపు ముందు కాసేపు నిలబడింది. ఏడుపు వస్తుందేమో అనుకుంది. రాలేదు. కోపం మాత్రం వచ్చింది. అప్పటికే మధ్యాహ్నమైంది. గేటు మూసేలోగా చిన్నమ్మను ఇల్లు చేర్చాలి.

మర్నాడు ఆదివారం. గోపాలసామి చాపమీద కూర్చుని చల్లారిన కాఫీ ముందు పెట్టుకుని అన్నాడు: "మాస్టరు సెప్పింది తప్పా? పినాంగు అంటే ఏటి తక్కువ? తెల్ల బట్టలు, గౌరమెంటు పని. నాకు మట్టుకు ఆశ నేదా అమ్మీ? ఆశున్నాదని రెండోసారీ ఓడిపోతే నలుగురిలో తలెత్తుకోనేను."

బంగారమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. పైట కొసతో చెయ్యి తుడుచుకుంది. "నీ తల సంగతి కాదు ఇది," అంది మొగుడితో. కూతురి వైపు తిరిగింది. "ఆ గాజు గొట్టాలు బడిలో తప్ప ఇంకెక్కడా నేవా?"

కమలాక్షి తలెత్తింది.

తోట ఫ్యాక్టరీలో ఉన్నాయి. చెట్ల నుంచి వచ్చిన పాలు గడ్డకట్టకుండా అమ్మోనియా కలుపుతారు. అది సరిగ్గా ఉందో లేదో రోజూ పరీక్షించడానికి వెనకాల చిన్న గది ఉంది. అందులో ఆసిడ్ సీసా, బ్యూరెట్, పిపెట్. చిన్నప్పటి నుంచి ఆ గది ముందునుంచే బడికి వెళ్లింది. లోపలికి ఎప్పుడూ పోలేదు.

దాని బాధ్యత రెంగసామిది. బద్ధకస్తుడు. తాంబూలంతో పళ్లు గారకట్టి ఉంటాయి. "నాన్నను పంపకుండా నువ్వే వచ్చినావేటి?" అన్నాడు.

"నాన్న అడగడు మావా. నానే అడుగుతున్నాను. ఈ పరీక్షలు నన్ను సెయ్యనీ."

"నువ్వు సేస్తే నాకేటి పని?"

"నిద్దరోవచ్చు."

రెంగసామి పడి పడి నవ్వాడు. "పగలగొట్టకు అమ్మీ! దొర నా తోలు తీస్తాడు." తాళంచెవి బల్లమీద పెట్టి, గోడవారనున్న గోనెసంచుల మీద నడుం వాల్చాడు.

గదిలో అమ్మోనియా ఘాటు కళ్లల్లో నీళ్లు తెప్పిస్తుంది. కమలాక్షి కిటికీ తెరిచింది. పాలు తూచి నీళ్లలో కలిపింది. రంగు మందు రెండు చుక్కలు వేస్తే పాలు లేత పసుపయ్యాయి. బ్యూరెట్ నింపి, కొళాయి మీద ఎడమ చెయ్యి, ఫ్లాస్కు మెడ మీద కుడి చెయ్యి పెట్టింది. ఆసిడ్ పడుతోంది. పసుపు, పసుపు, పసుపు, ఒక్కసారిగా చిక్కటి ఎరుపు. దాటిపోయింది. గులాబీ రంగు తిరిగిన క్షణంలో ఆపాలి. మళ్లీ చేసింది. మళ్లీ దాటిపోయింది. నిరుడు పరీక్షలో జరిగిందీ ఇదే.

మళ్లీ నింపి, కొళాయి మీద వేలు పెట్టినప్పుడు తన మెడ పక్కకు తిరుగుతున్నట్టు గమనించింది. గోడ వైపు. అక్కడ గడియారం లేదు. బడి ల్యాబులో ఉంటుంది, సరిగ్గా అటువైపే.

చేతిలోని ఫ్లాస్కు బల్లమీద పెట్టేసింది.

బడిలో ప్రాక్టికల్సు ఎప్పుడూ మధ్యాహ్నమే. ఆ శనివారం సాధన ఒక్కటే ఉదయం పెట్టారు. మధ్యాహ్నాల్లో పట్నం పిల్లలు నింపాదిగా చుక్క చుక్కా వేసుకుంటూ కూర్చుంటే, తను ఒక కన్ను గడియారం మీద పెట్టి కొళాయి తిప్పేది. ఆఖరి బస్సు తప్పితే, ఇల్లు చేరేలోగా గేటు మూసేస్తారు. గేటు మూశాక రోడ్డు మీద కనబడిన వాళ్లను కాల్చినా అడిగే వాడు లేడు. ఇన్నేళ్లలో ఒక్క టైట్రేషన్ కూడా తను నిదానంగా చేసింది లేదు. వీరసామి మాస్టారు రిపోర్టులో 'తొందరపాటు మనిషి' అని రాశాడు. తనూ అదే నిజమనుకుంది.

ఇక్కడ తను గేటు లోపలే ఉంది. వెళ్లాల్సిన బస్సే లేదు.

మళ్లీ మొదలెట్టింది. ధారగా, తరవాత చుక్కలుగా, తరవాత ఒక్కో చుక్కా వేలాడి, బరువెక్కి, రాలేదాకా ఊరుకుని. ఫ్లాస్కు అంచుకు అంటిన అర చుక్కను నీళ్లతో కిందికి దించింది. పాలలో ఎక్కడో గులాబీ పొర మెరిసి, కలిసిపోకుండా నిలిచింది. వెంటనే ఇంకోసారి చేసింది. అదే కొలత వచ్చింది. మరోసారి. అదే.

ఆ రోజూ ఆ తరవాతి రోజులూ ఆ గదిలోనే గడిపింది. తోట పరీక్షలన్నీ తనే చేసింది. తెల్లటి పాలలో రంగు పట్టుకోవడం కష్టం. అది అలవాటయ్యాక మామూలు నీళ్లలాంటి ద్రావణం పుస్తకం చదివినంత తేలికగా తోచింది. రెంగసామి హాయిగా గురకపెట్టాడు. మధ్యలో ఓసారి లేచి, "నువ్వు డాక్టరయితే నా పళ్లు సూత్తావా?" అని అడిగాడు.

"ముందు నీ పళ్లే సూత్తాను. తాంబూలం మానేస్తే."

"అయితే వొద్దులే," అని మళ్లీ పడుకున్నాడు.

పరీక్ష రోజు ఉదయం గేటు దగ్గర సార్జెంటు కమలాక్షిని దూరం నుంచే గుర్తుపట్టాడు. "నువ్వు ఆఖరు," అన్నాడు. ఆమె వెనక వచ్చినవాళ్లందరినీ ముందుకు పంపాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే గేటు దాటారు కానీ, చెట్ల దగ్గరికి పోలేదు. అవతల బకెట్లు కింద పెట్టుకుని నిలబడిపోయారు. చిన్నమ్మ వాపు తగ్గింది. నోరు సగం తెరుచుకుంటోంది. "బస్సు వచ్చే యేళయ్యింది, బేగి ఒగ్గండి బాబూ!" అని అక్కడి నుంచే కేకేసింది.

సార్జెంటు తీరిగ్గా సిగరెట్టు ముట్టించాడు. "ఈమెను బాగా చూడు," అన్నాడు శివగామితో. "పుస్తకాలు ఒక్కొక్కటీ. గుడారంలోకి తీసుకెళ్లి బట్టలన్నీ. నేను చెప్పేదాకా వదలొద్దు."

శివగామి కమలాక్షి జబ్బ పట్టుకుని గుడారంలోకి లాక్కెళ్లింది. తెర దించింది. కమలాక్షి పిడికిళ్లు బిగించుకుంది. ఈ ఉదయం ఎవరిని ఎదిరించాలన్నా సిద్ధంగానే ఉంది.

శివగామి ఆమెను తాకలేదు. అరవం కలిసిన తెలుగులో గొంతు తగ్గించి అడిగింది. "సిన్నమ్మ సెంప నాను ముట్టనేదు. అది నీకు తెలుసునా?"

"సూసినాను అక్కా."

ఆ తోటలో ఆమెను ఎవరైనా అక్కా అని ఎన్నాళ్లయిందో. శివగామి తెర తోసి, కమలాక్షిని ముందుకు నెట్టుకుంటూ బయటికి తెచ్చింది. "అయిపోయింది!" అని మలాయిలో అరిచింది. "ఏమీ లేదు."

"ఇంత త్వరగానా? మళ్లీ చూడు."

"చూశాను."

"మళ్లీ చూడమన్నాను!"

శివగామి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఆడదాన్ని సోదా చెయ్యడం నా పని. చూశాను, లేదు అంటే లేదు. నమ్మకం లేకపోతే నువ్వే చెయ్యి. ఇంతమంది చూస్తున్నారు. చెయ్యి పెట్టి చూడు."

కంచె అవతల ఆడవాళ్లు కదలకుండా చూస్తున్నారు. చెట్లు గీసే వేళ దాటిపోతోంది. ఎండెక్కితే పాలు కారవు. దొర జీపు ఎప్పుడైనా రావచ్చు. సార్జెంటు సిగరెట్టు కింద పారేసి, బూటుతో నలిపాడు. పొమ్మన్నట్టు చెయ్యి విసిరాడు.

కమలాక్షి పరుగెత్తింది. చిన్నమ్మ రోడ్డు మధ్యలోకి వెళ్లి రెండు చేతులూ చాపి బస్సు ఆపింది.

పరీక్ష గదిలో ద్రావణం నీళ్లలా తేటగా ఉంది. కమలాక్షి గడియారానికి వీపు పెట్టి నిలబడింది. పక్కవాళ్లు రెండోసారి కొలుస్తుంటే తను మొదటిదే ముగించలేదు. అటూ ఇటూ తిరుగుతున్న వీరసామి మాస్టారు ఆమె బల్ల దగ్గర ఆగాడు. కొళాయి నుంచి చుక్క వేలాడుతోంది. ఆమె దాన్ని పడనివ్వడం లేదు, ఆపడమూ లేదు. అది రాలింది. ద్రావణం రంగు తిరిగింది. మాస్టారు పక్క బల్లకు వెళ్లిపోయాడు.

మార్చిలో ఫలితాలు వచ్చాయి. కెమిస్ట్రీలో ఆ ఏడు బడిలో ఆమెవే ఎక్కువ మార్కులు. సింగపూరుకు దరఖాస్తు పంపింది. ఇంటర్వ్యూకు రమ్మన్నారు. గోపాలసామి ఆఫీసులో కనబడినవాళ్లందరినీ ఆపి మరీ చెప్పాడు. వీరసామి మాస్టారు కబురు పెట్టి పిలిపించాడు. ఈసారి కుర్చీ చూపించాడు.

"నీ పేరు బోర్డు మీద రాయిస్తున్నాం. పట్టుదల ఉన్న పిల్లవని నాకు ముందే తెలుసు."

కమలాక్షి కూర్చుంది. "ఒక సంగతి అడగడానికి వచ్చాను సర్. ప్రాక్టికల్సు మధ్యాహ్నం నుంచి ఉదయానికి మార్చండి."

"ఏమిటి?"

"తోటల నుంచి వచ్చే పిల్లలు ఈ ఏడు ముగ్గురున్నారు. రుక్మణి, వెంకటసామి, మా తోట కూర్మమ్మ గారి మనవడు. సాయంత్రం గేటు మూసేలోగా ఇళ్లు చేరాలి. వాళ్లు కొలతలు దాటేస్తారు సర్. మీరు తొందరపాటు మనుషులని రాస్తారు."

ఆయన ముఖంలో నవ్వు సన్నబడింది. "టైం టేబులు విద్యార్థులు నిర్ణయించేది కాదు. అయినా నువ్వు సింగపూరు పోతున్నావు. నీకెందుకిది?"

"పోతున్నాను గనకనే అడగగలుగుతున్నాను సర్. వాళ్లు అడిగితే మీరు బల్ల తీసేస్తారు."

వీరసామి మాస్టారు కళ్లజోడు తీశాడు, తుడిచాడు, పెట్టుకున్నాడు. "సరే. చూద్దాం," అన్నాడు. అంటే ఇక వెళ్లమని.

కమలాక్షి లేవలేదు. సంచి ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దానిమీద ఉంచి, ఆయన వైపే చూస్తూ కూర్చుంది. ఆయన కాగితాలు సర్దాడు. పెన్ను మూత తీశాడు, పెట్టాడు. కిటికీలోంచి బయటికి చూశాడు. తిరిగి చూసేసరికి ఆమె అక్కడే ఉంది.

"మంగళవారం ఉదయం మొదటి రెండు పీరియడ్లు ఖాళీ," అన్నాడు చివరికి విసుగ్గా.

"క్లాసులో చెప్పండి సర్. వాళ్లు వింటారు."

మాస్టారు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. వరండా వెంట ఇద్దరూ నడిచారు, ఆయన ముందు, ఆమె వెనక. క్లాసులో పిల్లలు లేచి నిలబడ్డారు. ఆయన సుద్ద అందుకుని బోర్డు మీద 'ప్రాక్టికల్సు, మంగళవారం ఉదయం' అని రాయడం మొదలుపెట్టాడు. ఆయన రాయడం పూర్తయ్యేదాకా కమలాక్షి గుమ్మంలోనే నిలబడింది.